నోరు మూసిన ఆరు

అక్క ముప్పై ఎనిమిదో గదిలో దొరికింది. ఒక పక్క చెయ్యి విరిగినాయన, ఇంకో పక్క కాలు విరిగినావిడ, మధ్యలో చక్రాల కుర్చీలో ఏ కట్టూ లేకుండా ఆమె. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినలేదేమో, మెడ తోటకూర కాడలా వాలిపోయి ఉంది.

"ఏమిట్రా, పొట్ట ఫొటో తియ్యాలన్నా ముందు పిండికట్టు వేస్తారా ఇక్కడ?" అంది తమ్ముణ్ణి చూడగానే.

అతనికి నవ్వు రాలేదు. కింద కౌంటరు దగ్గర రెండు గంటలు నిలబడి కాగితాల మీద ముద్రలు వేయించుకుని, మూడో అంతస్తుకు పరుగున వచ్చి, ముప్పై ఆరో గదిలో అడిగితే అక్కడి నర్సు జాబితా మీద వేలు పెట్టి చూపించింది. రెండుసార్లు పిలిచామనీ, పలకలేదనీ, తరవాతి మనిషిని లోపలికి పంపేశామనీ, మిషను మళ్ళీ ఖాళీ అయ్యేది రేపు పదింటికేననీ చెప్పింది. పక్క గదిలోనే ఉన్న మనిషికి ఆ పిలుపు వినిపించలేదు. వినిపించినా, తను కూర్చున్నది స్కానింగు గది కాదని ఆమెకు తెలీదు.

కుర్చీ తోసుకొచ్చిన ఆయమ్మ వరండాలోనే కనబడింది. యాభై దాటిన మనిషి. నీలం కోటు, బిగించి చుట్టిన ముడి, కోటు జేబులో మడత పెట్టిన తుండుగుడ్డ. అతను ఆమె ముందు చీటీ ఆడించాడు.

"ముప్పై ఆరు అని రాసుంది. ముప్పై ఎనిమిదిలో దించి వెళ్ళిపోయారు. కడుపు కాలుతున్న మనిషి రెండు గంటలు కూర్చుంది అక్కడ!"

ఆయమ్మ చీటీ చూసింది. తలెత్తి తలుపు మీది బోర్డు చూసింది. మళ్ళీ చీటీ చూసింది.

"ముప్పై ఆరనే చూశాను సార్," అంది మెల్లగా.

ఆ మాట అతని కోపానికి ఆజ్యం పోసింది. తప్పయిందంటే సరిపోయేది. చూశానంటుందే! అక్కను లిఫ్టు దగ్గర ఆపి, తిన్నగా ఫిర్యాదుల బల్ల దగ్గరికి వెళ్ళి ఫారం అడిగాడు.

ఫారం చేతిలోకి రాగానే, అంత కోపంలోనూ, ఒక్క క్షణం అతని కళ్ళు అక్షరాల మీద నిలిచాయి. అవి అతని అక్షరాలు. తలుపుల మీది అంకెలు, లిఫ్టు లోపలి బోర్డులు, మందుల చీటీలు, రోగుల చేతి పట్టీలు, ఈ ఆసుపత్రిలో అచ్చయిన ప్రతిదీ అతను గీసిన 'పూర్ణ' ఫాంటులోనే ఉంది. వృత్తమూ, సరళరేఖా, అంతే. చివర్లలో తోకల్లేవు, ముక్కుల్లేవు, కొసలు సాగే ఒయ్యారాల్లేవు. దాని మీద మూడేళ్ళు పనిచేశాడు. ఆఫీసులో అందరూ అతన్ని 'కంపాసు' అని పిలవడం అప్పుడే మొదలైంది. మూడేళ్ళు కూచుని సున్నా చుట్టాడని అక్క వెక్కిరించడమూ అప్పుడే.

ఆ ఫారం మీద కంపాసు ఎనిమిది వాక్యాలు రాశాడు. చివరి వాక్యం రాశాక ఓసారి చదువుకుని, బాగా కుదిరిందనుకున్నాడు. 'అంకెలు కూడా చదవడం రానివాళ్ళను ఇలాంటి పనిలో పెట్టడం రోగుల ప్రాణాలతో ఆడుకోవడమే.'

కింద సంతకం పెట్టి, సంతకం కింద గీత గీశాడు. గీత తిన్నగా వచ్చింది.

మర్నాడు కుర్చీ తోసింది వేరే మనిషి, మాటకారి మీసాలాయన. లిఫ్టులో ఎక్కినప్పటి నుంచి అక్కతో కబుర్లే. ఏ డాక్టరు చెయ్యి చల్లగా ఉంటుందో, ఏ నర్సు సూది నొప్పి తెలీకుండా పొడుస్తుందో అన్నీ చెప్పేస్తున్నాడు. కంపాసు సంచీ పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. నిన్నటి తప్పు మళ్ళీ జరగకూడదని, లిఫ్టు దిగిన దగ్గర్నుంచీ అతని చూపు తలుపుల పైనే ఉంది.

పొడవాటి వరండా. కిటికీలు లేవు. ప్రతి తలుపు పక్కనా గోడలోంచి చెయ్యి చాపినట్టు ఒక చిన్న బోర్డు. ముదురు నీలం మీద తెల్లటి అంకెలు, వెనకనుంచి దీపం. దూరం నుంచి చూస్తే ముత్యాల వరసలా ఉంది. అతని గుండె కొంచెం పొంగింది.

"అదిగో, ముప్పై ఆరు. అక్కడ ఆపండి," అన్నాడు వేలు చూపించి.

మీసాలాయన వినిపించుకోలేదు. కుర్చీని దానికి ముందు తలుపు దగ్గరే తిప్పి ఆపాడు.

"ఇదండీ ముప్పై ఆరు. మీరు చూపించింది ముప్పై ఎనిమిది."

కంపాసు తలెత్తాడు. నెత్తి మీదున్న బోర్డు మీద ముప్పై ఆరు. రెండడుగులు ముందుకు వేసి అవతలి బోర్డు చూశాడు. ముప్పై ఎనిమిది. వెనక్కి లిఫ్టు దాకా నడిచి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ చూశాడు. రెండు బోర్డుల్లోనూ ఒకటే కనబడింది: ఒక మూడు, దాని పక్కన వెలుతురు ముద్ద.

"కంగారు పడకండి సార్, అందరికీ అలాగే అవుతుంది," అన్నాడు మీసాలాయన. "కొత్త బోర్డులు పెట్టినప్పటి నుంచి మేం వాటిని చూడ్డం మానేశాం. తలుపులు లెక్కపెట్టుకుంటాం. లిఫ్టు దిగితే ఎడమ చేతి వైపు నాలుగోది స్కానింగు, అయిదోది కట్లు."

"మరి నిన్నటి ఆయమ్మ?"

"పాపం, ఆవిడ కాన్పుల వార్డు మనిషి. ఇరవై రెండేళ్ళు అక్కడే చేసింది. ఇక్కడికొచ్చి నాలుగు రోజులు కాలేదు. లెక్కపెట్టుకోమని ఎవరం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు సార్, మాకు అలవాటైపోయింది కదా. నిన్న సాయంత్రమే డ్యూటీ నుంచి తప్పించారు. గురువారం విచారణ. ఎవరో చదువుకున్నాయన గట్టిగా రాసిచ్చాడంట."

అక్క కుర్చీలోంచి తమ్ముడి మొహంలోకి చూసింది. లోపలినుంచి ఆమె పేరు పిలిచారు.

స్కానింగు అయ్యేదాకా కంపాసు ఆ వరండాలో పచార్లు చేశాడు. దగ్గరికి వెళ్తే ఆరు ఆరే. నిండైన వృత్తం, దాని చుట్టూ ఇంకో పెద్ద వృత్తంలోంచి కోసి తెచ్చినట్టుండే వంపు. ఆ వంపు కొస కిందికి దిగి, కింది వృత్తాన్ని తాకీ తాకకుండా ఆగుతుంది. ఆ సందు వెంట్రుకవాసి. అంకె నోరు అదే. దాన్ని ఎంత తెరవాలి అన్నదాని మీద ఒక వారమంతా కూర్చున్నట్టు గుర్తుంది. కాగితం మీద, చెయ్యి చాపినంత దూరంలో, అది చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడ వెనక దీపం ఉంది. తెలుపు వెలిగితే ఉబ్బుతుంది. ఉబ్బి ఆ నోటిని పూడ్చేస్తుంది. ఈ సంగతి వృత్తిలోకి వచ్చిన మొదటి నెలలోనే నేర్చుకున్నాడు. కొత్తగా చేరేవాళ్ళకి తనే నేర్పుతున్నాడు కూడా.

ఇక్కడ దీపాల బోర్డులు పెడతారని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

బుధవారం ఆఫీసులో పాత కాగితాల పెట్టె దించాడు. ఫాంటు కంప్యూటరులోకి ఎక్కక ముందు పెన్సిలుతో గీసుకున్న పలచటి కాగితాలు. ఒక్క ఆరుకే పధ్నాలుగు ఉన్నాయి.

పని తెలియనివాళ్ళు కంపాసు తిప్పితే అక్షరం వచ్చేస్తుందనుకుంటారు. అసలు కంపాసు గీసిన సున్నా కంటికి సున్నాలా కనబడదు, పక్కలకి ఉబ్బినట్టుంటుంది. వృత్తాన్ని పక్కనున్న నిలువుగీతతో సమానంగా గీస్తే పొట్టిగా కనబడుతుంది కాబట్టి పైనా కిందా ఓ పిసరు పెంచాలి. రెండు గీతలు కలిసే చోట సిరా గూడు కట్టినట్టు నల్లబడుతుంది కాబట్టి అక్కడ సన్నం చెయ్యాలి. గుండ్రంగా ఉండటం వేరు, గుండ్రంగా అనిపించడం వేరు. అతని మూడేళ్ళూ ఈ మోసాలకే అయిపోయాయి. కంటిని మోసం చేసి నిజం చూపించే పని.

మొదటి కాగితం మీది ఆరుకు వంపే లేదు. కింద వృత్తం, దాని ఎడమ భుజం మీంచి పైకి వాలుగా లేచిన తిన్నని గీత, గింజలోంచి లేచిన మొలకలాగ. నోరు బార్లా తెరిచి ఉంది. పదకొండో కాగితం దగ్గర గీత వంపు తిరిగింది. పధ్నాలుగో దాని మూల అతని దస్తూరీలోనే ఉంది: 'ఇప్పుడు ఎనిమిదికి తోబుట్టువులా ఉంది. ఇదే ఖాయం.'

మొదటి, చివరి కాగితాలు పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. ఆఫీసు పెద్దాయనదే. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించి చూడటం ఆయనకు అలవాటు. అంతా విన్నాక కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"వచ్చే వారం మెట్రో వాళ్ళు వస్తున్నారు. అరవై స్టేషన్లు. 'పూర్ణ' చూడ్డానికే వస్తున్నారు, తెలుసుగా?"

"తెలుసండీ. అక్కడా దీపాల బోర్డులే."

"దానికి ముందే సరిచేసుకుందాం, చడీచప్పుడు లేకుండా. ఆసుపత్రి వాళ్ళకీ కొత్త అంకెలు పంపిద్దాం, ఇంకాస్త మెరుగు పెట్టామని చెప్పి. అబద్ధం కూడా కాదు అది."

"విచారణ రేపే. ఆవిడ..."

"వెళ్ళు. ఫిర్యాదు వెనక్కి తీసేసుకో, కోపంలో రాశానని చెప్పు. పెద్దమనసు చేసుకున్నాడని వాళ్ళే మెచ్చుకుంటారు. ఆవిడ ఉద్యోగం ఆవిడకుంటుంది. బోర్డుల ఊసు మాత్రం ఎత్తకు." పెద్దాయన కళ్ళద్దాలు కిందికి దించాడు. "ఇక్కడ పదిమంది బతుకుతున్నాం. చెప్పేముందు అది గుర్తుపెట్టుకో."

అందులో వంకపెట్టడానికి ఏమీ కనబడలేదు. కంపాసు సరేనన్నాడు.

ఆఫీసు నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు మెడ విప్పుతోంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది, కోసి తియ్యాలన్నారు. ఆ దిగులేదీ ఆమె చేతుల్లో లేదు. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతూ, దారప్పోగులు ఊది పారేస్తోంది.

"జాకెట్టు తెచ్చినమ్మాయి గుండ్రని మెడ కావాలంది," అంది పని ఆపకుండా. "పళ్ళెం బోర్లించి గీసినట్టు కోశాను. బల్ల మీద చూస్తే చందమామే. వేసుకుంటే గొంతు పట్టేస్తోందట. తప్పెవరిదంటావ్, మెడదా?"

"నాదేలే అక్కా. తెలిసింది."

"తెలిస్తే చెప్పావా?"

పెద్దాయన చెప్పినదంతా చెప్పాడు. ఆమె బ్లేడు పక్కన పెట్టింది.

"ఒరేయ్, ఆకలి నాది. దాని పేరు చెప్పి నువ్వు ఇంకొకరి కంచం లాక్కోకు."

"లాక్కోవడం లేదక్కా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

"ఊఁ," అంది. జాకెట్టు తీసి దీపం కింద పెట్టుకుంది. ఆ 'ఊఁ' అతని వెంట ఇంటిదాకా వచ్చింది.

గురువారం పదకొండింటికి విచారణ. చిన్న గది. బల్లకు అటు పక్క పాలనాధికారి, ఆయన పక్కన హెడ్ నర్సు, ఇటు పక్క ఆయమ్మ. నీలం కోటు లేదు, ఇంటి చీరతో వచ్చింది. కోటు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. కంపాసు లోపలికి రాగానే అలవాటు కొద్దీ లేచి నిలబడింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"కోపంలో రాశానండి. వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు కూర్చోకుండానే.

పాలనాధికారి మొహం విప్పారింది. "సంతోషం. ఇంక సమస్యే లేదు. ఏమ్మా, ఆయన పెద్దమనసుతో వదిలేశారు. మొదటి తప్పు కాబట్టి క్షమించి మళ్ళీ విధుల్లోకి తీసుకుంటున్నామని రాసేస్తాను. సంతకం పెట్టి రేపు డ్యూటీకొచ్చెయ్."

ఆయన కలం మూత తీశాడు. ఆయమ్మ కదల్లేదు.

"క్షమించి అని రాయొద్దు సార్."

"అదేమిటి?"

"తప్పు చేస్తేనే కదా సార్ క్షమించడం? ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలమంది పిల్లల్ని తల్లుల పక్కన పడుకోబెట్టానో. ఒక్క పట్టీ మారలేదు. ఇప్పుడు నా కాగితాల్లో ఆ మాట రాస్తే, అది నా వెనకే ఉంటుంది." అతని వైపు తిరిగింది. "మీ అక్కగారు ఆకలితో ఉన్నారు, మీకు కోపం రావడం న్యాయమే. కానీ అంకెలు చదవడం రాదని రాశారు మీరు. ఆ మాట ఆఫీసువాళ్ళు ఇక్కడ అందరికీ చదివి వినిపించారు. నేను పదో తరగతి పాసయ్యాను సార్."

కంపాసు ఏదో అనబోయాడు.

"బోర్డు దగ్గరే పొరపాటు పడ్డానంటోంది ఈవిడ," అంది హెడ్ నర్సు, మధ్యలో కల్పించుకుని. "ఇంకా కొందరు కూడా అలాగే అంటున్నారు."

పాలనాధికారి సొరుగులోంచి బోర్డుల జాబితా తీసి బల్ల మీద పరిచాడు. "ఇదిగో, ఇవే కదా అంకెలు? ఇది ఆరు, ఇది ఎనిమిది. చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఏమండీ, మీకు తెలుస్తోందా లేదా?"

ఆ ప్రశ్న కంపాసుకే. కాగితం మీద అంకెలు తళతళలాడుతున్నాయి, ఒక్కటీ తడబడకుండా. "తెలుస్తోంది," అన్నాడు. అనక తప్పలేదు.

"ఇక్కడ కూర్చుని చూస్తే నాకూ తెలుస్తాయి సార్," అంది ఆయమ్మ. "నేను కూర్చుని చూడను కదా. మీరొకసారి పైకి వస్తారా?"

పాలనాధికారి గడియారం చూసుకున్నాడు. హెడ్ నర్సు అప్పటికే లేచి నిలబడింది.

మూడో అంతస్తులో లిఫ్టు ముందు హెడ్ నర్సే చక్రాల కుర్చీలో కూర్చుంది. ఆయమ్మ సెలైను కడ్డీ తెచ్చి కుర్చీకి తగిలించి, సీసా వేలాడదీసింది. పాలనాధికారి చేతులు తీసి పిడుల మీద పెట్టించింది.

"ఒక కన్ను సీసా మీద ఉండాలి సార్, పైపులో గాలి వెళ్ళకూడదు. ఒక కన్ను పేషెంటు మెడ మీద ఉండాలి, వాంతి వచ్చేముందు మెడ తెలిసిపోతుంది. మిగిలిన దాంతో బోర్డు చూడాలి. ముప్పై ఆరుకి పోదాం పదండి."

ఆయన తోశాడు. చక్రం కొంచెం ఎడమకి లాగుతోంది. సరిచేసుకున్నాడు. సీసా ఊగింది. దాన్ని పట్టుకున్నాడు. వెనకనుంచి ఎవరో స్ట్రెచరు తోసుకొస్తూ "పక్కకండీ, పక్కకి" అని అరిచారు. ఆయన నడక తగ్గించి, తల ముందుకు చాచి, కళ్ళు చికిలించి, ఆగిపోయాడు.

"ఆగకూడదు సార్. ఆగితే వెనకాల జామైపోతుంది."

ఇంకో నాలుగడుగులు వేసి ఆయన మళ్ళీ ఆగాడు. ఎవరూ నవ్వలేదు. హెడ్ నర్సు కుర్చీలోంచి తలెత్తి బోర్డుల వైపు చూస్తూ, "నేనూ ఎప్పుడూ ఇలా కూర్చుని చూడలేదు," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

గదిలోకి తిరిగొచ్చాక పాలనాధికారి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాడు. నిజంగానే ఇరుకున పడ్డాడు.

"చూడమ్మా, నువ్వన్నది నాకర్థమైంది. కానీ కాగితం మీద ఏం రాయను? నీ తప్పు కాదంటే మరి ఎవరిదని అడుగుతారు పైవాళ్ళు. బోర్డులు పెట్టి ఏడాది కాలేదు. అవి బాగాలేవని నేను రాయలేను, నాకా విద్య తెలీదు. తెలిసినవాళ్ళు ఎవరైనా రాసిస్తే వేరే సంగతి. గీసినవాళ్ళే వచ్చి మా గీత తప్పని రాసిస్తారా? ఎక్కడైనా జరిగే పనేనా అది?"

ఫ్యాను తిరుగుతోంది. ఆయమ్మ బల్ల అంచు చూస్తోంది.

కంపాసుకి మెట్రో వాళ్ళు గుర్తొచ్చారు. పదిమంది గుర్తొచ్చారు, ఒక్కొక్కరి బల్లతో సహా.

"నేను రాస్తాను," అన్నాడు.

"మీరా?"

"అవి నేను గీసినవే."

ఆయమ్మ తలెత్తి అతన్ని చూసింది.

"మీరే గీశారా? అన్నీ?"

"అన్నీ."

"ఆ ఆరుని ఎందుకలా మూసేశారు?"

"అందంగా ఉంటుందని."

ఆమె బల్ల మీది జాబితాను దగ్గరికి లాక్కుని, ఆరు మీద చూపుడువేలు పెట్టి, దాని వంపు వెంబడి ఒకసారి తిప్పింది. "అందంగానే ఉంది," అంది. దెప్పిపొడుపు కాదది. ఉన్నమాట చెప్పింది.

అతను తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. తన చేతిరాత కోడికెలుకుడు. అక్షరాలు గీసి బతికేవాడి దస్తూరీ ఇదా అని అక్క ఎప్పుడూ నవ్వుతుంది. ఆ రాతతోనే రాశాడు. ఆరు, తొమ్మిది, ఈ రెండంకెల నోళ్ళూ తాను అవసరం కంటే ఎక్కువ మూశాననీ, వెనక దీపం ఉన్నప్పుడు అవి పూర్తిగా పూడిపోయి ఎనిమిదిలా కనబడతాయనీ, కదులుతూ చదివేవాళ్ళకి తేడా తెలియదనీ, ఈ లోపం చదివేవాళ్ళది కాదనీ, గీసినవాడిదనీ. తరవాత కొంచెం ఆగి ఇంకో వాక్యం చేర్చాడు. 'సోమవారం నేను రాసిన ఫిర్యాదులో ఈమె చదువు గురించి అన్న మాట అబద్ధం. మర్నాడు అదే బోర్డును నేనూ తప్పే చదివాను.'

సంతకం పెట్టాడు. కింద గీత గీయలేదు.

మధ్యాహ్నం పెద్దాయన గదిలో ఆ సంగతి తనే చెప్పాడు, వేరే దారిలో ఆయన చెవిన పడకముందే. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"నిజం చెప్పినందుకు నిన్నేమీ అనను," అన్నాడు చివరికి. "నాకు మాటిచ్చి వెళ్ళి అక్కడ మార్చినందుకు అంటాను. ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? నేనూ వచ్చి పక్కన కూర్చునేవాణ్ణేమో. ఇప్పుడది నాకూ తెలీదు, నీకూ తెలీదు."

ఆ మాట నిజమే కావచ్చు.

మెట్రో వాళ్ళకి పెద్దాయనే ఫోను చేసి ఉన్న విషయం చెప్పాడు. వాళ్ళు మర్యాదగానే విని, ఈ ఏడాదికి వేరేవాళ్ళతో వెళ్తామన్నారు. ఆఫీసులో టీ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డవాళ్ళు అతను రాగానే పని గుర్తొచ్చినట్టు బల్లల దగ్గరికి సర్దుకున్నారు. 'పూర్ణ' పనులన్నీ పక్క బల్ల అమ్మాయికి అప్పజెప్పారు. అంకెల మరమ్మతు మాత్రం అతని దగ్గరే ఉంచారు. అది శిక్షో, నమ్మకమో పెద్దాయన చెప్పలేదు.

శనివారం ఉత్తర్వు వచ్చింది. ఆయమ్మే హెడ్ నర్సు ఫోనునుంచి కంపాసుకి చెప్పింది. "రెండుసార్లు చదివాను సార్. క్షమించి అన్న మాట లేదు. బోర్డుల్లో స్పష్టత లోపించినందున అని ఉంది. సోమవారం నుంచి డ్యూటీ." అవతల కాగితం మడత పెట్టిన చప్పుడు వినబడింది. "కాన్పుల వార్డుకి వెళ్తావా అని అడిగారు. వద్దన్నాను. మూడో అంతస్తే కావాలన్నాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పను? వెళ్ళిపోతే పారిపోయినట్టుంటుంది కదా."

"రేపు ఆదివారం. ఓపీ ఉండదు. ఒక గంట నాకు సాయం చెయ్యగలరా?"

ఆదివారం మధ్యాహ్నం వరండా ఖాళీగా ఉంది. ఎక్కడో ఒక తలుపు గాలికి కొట్టుకుంటోంది. హెడ్ నర్సు చెప్పి ఉంచడం వల్ల దీపాలన్నీ వేశారు. కంపాసు దీపం దాటే పలచటి పొరల మీద కొత్త అంకెలు అచ్చు వేయించి తెచ్చాడు. మూడు రకాల ఆరులు, వాటికి జతగా తొమ్మిదులు. వాటిని పాత బోర్డుల మీద, ఏ తలుపుకి ఏది వస్తుందో ముందే తెలియకుండా, చీట్లు తీసి అంటించాడు. చదవాల్సింది ఆయమ్మ.

ఆమె నీలం కోటు వేసుకుని వచ్చింది. వస్తూనే కుర్చీ చక్రాలు చేత్తో తిప్పి చూసి, సెలైను కడ్డీ బిగించింది.

"ఎవరు కూర్చుంటారు?"

వేరే ఎవరూ లేరు. అతనే కూర్చున్నాడు. ఆమె అతని కాళ్ళు ఎత్తి పాదాల పలక మీద సరిగ్గా పెట్టించింది. చేతులు బయటికి పెట్టొద్దు, తలుపులకి కొట్టుకుంటాయంది. కుర్చీ కదిలింది. చిన్నప్పుడు తప్ప ఎవరూ అతన్ని ఇలా మోసుకెళ్ళలేదు. తలుపులు ఎత్తుగా కనబడ్డాయి, బోర్డులు ఇంకా ఎత్తుగా. ఆమె మాత్రం మామూలుగా, రోజూ నడిచే నడకే నడుస్తోంది.

మొదటి రకం ఆరు దగ్గరకొచ్చాక గానీ ఆమె నోరు విప్పలేదు. రెండోది అతనికి ఇష్టమైనది. రెండు రాత్రులు నిద్ర చాలక కళ్ళు మండుతుంటే పాత వంపును నిలుపుతూనే నోరు కొంచెం తెరిచి గీసింది. ఆమె దాన్ని గడప దగ్గరికి వచ్చాక చదివింది.

"ఇది ముద్దుగా ఉంది గానీ సార్, ఇప్పటిదాకా తెలీలేదు."

"ఇంకాస్త తెరిస్తే?"

"తెరిస్తే ముద్దు పోతుందేమో. అది మీకే తెలియాలి."

మళ్ళీ లిఫ్టు దాకా వెనక్కి వెళ్ళారు. ఆమె కుర్చీ తిప్పింది. సీసా ఊగడం ఆగేదాకా ఆగి, తోసింది. ఇంకా మూడడుగులు పడలేదు.

"ముప్పై ఆరు," అంది వెనకనుంచి.

కంపాసు కళ్ళు చికిలించాడు. అతనికింకా ఏమీ తెలియలేదు. వరండా చివర తెల్లటి మెరుపులు వరసగా ఉన్నాయి. కుర్చీ ఇంకొంచెం ముందుకు వెళ్ళాక వాటిలోంచి ఒకటి విడివడింది: కింద గింజ, పైన వాలుగా లేచిన తిన్నని గీత. పాత పెట్టెలోని మొదటి కాగితం మీది ఆరు. ఎలాంటి సోకూ లేనిది. బండగా, నిదానంగా, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

జేబులోంచి పెన్సిలు తీసి ఒళ్ళోని కాగితం మీద మొదటి రకాన్ని కొట్టేశాడు. రెండోదాని మీద పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. దాన్నీ కొట్టేశాడు. అయిపోయిందనుకుని కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయాడు.

ఆయమ్మ చెయ్యి అతని భుజం మీద పడి, నెమ్మదిగా కిందికి నొక్కింది.

"కూర్చోండి సార్. తొమ్మిది చూడలేదింకా," అని కుర్చీని లిఫ్టు వైపు తిప్పింది.